ఊగకుండా

"కాళ్లేగా అమ్మాయ్ తొక్కేది, చేతులు ఖాళీయేగా," అంటూ రమాసుందరమ్మ గోంగూర పళ్లెం తెచ్చి కోడలి సైకిల్ హ్యాండిల్ మీద పెట్టింది. ముందున్న అలమర అంచు ఆసరా దొరికి పళ్లెం నిలబడింది. జ్ఞానేశ్వరి తొక్కడం ఆపలేదు. ఆపితే పట్టిన చెమట చల్లబడుతుంది, మళ్లీ కాళ్లు దారికి రావడానికి కాసేపు పడుతుంది. ఒక చేత్తో కాడ పట్టుకుని ఇంకో చేత్తో ఆకు తుంచుతూ తొక్కుతూనే ఉంది. ఆకు పళ్లెంలోకి, కాడలు కింద పరిచిన పేపరు మీదికి. వెనక చక్రం రోలర్ మీద గిర్రున తిరుగుతోంది, ఎక్కడికీ పోవడం లేదు. సోఫాలో కూర్చున్న జయకృష్ణ ఫోనులోంచి తలెత్తి చూశాడు. "అమ్మా, రేపటినుంచి పప్పు రుబ్బే పని కూడా దీనికే తగిలిద్దాం. పెడల్‌కి బెల్టు వేస్తే గ్రైండరు తిరుగుద్ది," అన్నాడు. పిల్లలు నవ్వారు. జ్ఞానేశ్వరి కూడా నవ్వింది. నవ్వకపోతే ఏమైంది అని అడుగుతారు. అడిగితే ఏమైందో చెప్పాలి.

సైకిల్ బిగించిన ఆ స్టాండు జయకృష్ణ చేయించిందే. అతనికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. ఆటోనగర్‌లో దొరకని వస్తువంటూ ఉండదనీ, దొరక్కపోతే సాయంత్రానికల్లా తయారుచేసి చేతిలో పెడతారనీ అతని నమ్మకం. ఏదో విదేశీ కంపెనీ స్టాండు బొమ్మ ఫోనులో చూసి, దాని రేటు చూసి నవ్వుకుని, పక్క లైనులో వెల్డింగ్ షెడ్డు నడిపే యాసిన్ దగ్గర కూర్చుని తనే గీసి ఇచ్చాడు. రెండు నిలువు పైపులు, వాటి మధ్య సైకిల్ వెనక ఇరుసు బిగించే నట్లు, టైరు కింద లారీ బేరింగులతో తిరిగే రోలర్. మీద నీలం రంగు. పటమటలో వాళ్లది మేడమీది ఇల్లు. హాల్లో దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా అతనే చూశాడు. "ఇక్కడైతే పొయ్యి కనపడుద్ది, పిల్లలు కనపడతారు, టీవీ కూడా చూసుకోవచ్చు. ఇంకేం కావాలి జ్ఞానీ నీకు?" అన్నాడు. నిజంగానే అక్కడ కూర్చుంటే పొయ్యి కనపడుతుంది. పాలు పొంగేముందు గిన్నె అంచున వచ్చే సన్నటి వణుకు కూడా కనపడుతుంది.

అంతకుముందు ఆమె రోడ్డు మీద తొక్కేది. డయాగ్నస్టిక్ సెంటర్లో ఆమె ల్యాబ్ టెక్నీషియన్. పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్లు తెల్లారేసరికి వచ్చి కూర్చుంటారు కనక డ్యూటీ పొద్దున్నే మొదలవుతుంది. ఒకరోజు అలా వచ్చిన మార్త చేతికి హెల్మెట్ వేలాడుతోంది. ఆమె గవర్నమెంటు హైస్కూల్లో పీఈటీ టీచరు. బెంజిసర్కిల్ దగ్గర కొంతమంది ఆడవాళ్లని పోగేసి వారానికి కొన్నిరోజులు సైకిల్ రైడ్లకు తీసుకెళుతూ ఉంటుంది. "పిడికిలి బిగించండి మేడమ్" అని నరం వెతుకుతూ, "మా పల్లెటూరి నుంచి పామర్రు కాలేజీకి నేను కూడా సైకిల్ మీదే వెళ్లేదాన్నండి, కాలవ గట్టు మీద" అంది జ్ఞానేశ్వరి. ఎందుకందో ఆమెకే తెలియదు. పేషెంట్లతో సొంత సంగతులు మాట్లాడే అలవాటు లేదు. "మరి ఇప్పుడు?" అని అడిగింది మార్త. 'మరి ఇప్పుడు?' అని ఆమెను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆ నెల జీతంలోంచి, ఊరు వదిలి వెళ్తున్న ఒక హౌస్ సర్జన్ దగ్గర పాత గేర్ల సైకిల్ కొనుక్కుంది. ఇనప ఫ్రేము, బరువెక్కువ, కానీ గట్టిది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "నేనేమన్నా వద్దన్నానా?" అన్నాడు జయకృష్ణ. ఆ మాట అతను ఆ తరవాత చాలాసార్లు అన్నాడు.

వద్దనలేదు నిజమే. పొద్దున తను లేచేసరికి కాఫీ ఫ్లాస్కులో ఉంటే, అది ఫ్లాస్కు వాసన వేస్తోందన్నాడు. పిల్లాడి యూనిఫాం ఇస్త్రీ చేసే ఉన్నా, బెల్టు దొరకలేదన్నాడు. ఆమె ముందురోజే కూర తరిగి, పిండి రుబ్బి, బాక్సులు కడిగి వరసగా పెట్టి, పిల్లల బట్టలు జతలు జతలుగా కుర్చీ మీద పెట్టి పడుకునేది. చీకట్లో చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేది. కంకిపాడు దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి రోడ్డు మీద ఇంకా మంచు ఉండేది. ఆ మంచులో, ఆ కాసేపూ, ఆమెకు ఎవరి బెల్టు ఎక్కడుందో గుర్తుండేది కాదు. ఎదురింటావిడ అత్తగారిని అడిగిందట, "మీ కోడలు తెల్లారకుండా ఎటెళ్తుందండీ, నైటు డ్యూటీనా?" అని. "జవాబు చెప్పుకోలేక చస్తన్నానమ్మా," అంది రమాసుందరమ్మ. ఒకరోజు చిన్నది సంయుక్త మంచం మీంచి దొర్లి పడింది. నుదుటి మీద చిన్న బొప్పి. ఆమె ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా అది దొర్లి పడింది, ఒకసారి పెదవి కూడా చిట్లింది. అప్పుడు ఆ దెబ్బని అందరూ దెబ్బ అనే అన్నారు. ఈసారి మాత్రం పిల్ల నుదుటికి మందు రాస్తూ అత్తగారు పిల్లతోనే అంది, "మీ అమ్మ రోడ్ల మీద ఉందమ్మా బంగారం, నువ్వెట్లా పడితే ఎవరిక్కావాలి." ఆ వారంలోనే స్టాండు వచ్చింది.

అందరూ మెచ్చుకున్నారు. ల్యాబ్‌లో తోటి అమ్మాయి, "మా ఆయనైతే సైకిల్ అమ్మేసేవాడు మేడమ్. మీ సారు చూడండి, మీకోసం స్టాండు చేయించారు" అంది. డాక్టరుగారు కూడా విన్నాడు. "అదృష్టవంతురాలివమ్మా. అసలు ఆయనకి షాపు ఉండగా నీకు ఈ ఉద్యోగం కూడా సరదాకేగా," అని రిపోర్టుల మీద సంతకాలు చేసుకుంటూ వెళ్లిపోయాడు. సరదా అనే మాట ఆమె చాలాసేపు మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. కోపం రావాలి కాబోలు అనుకుంది. రాలేదు. ఈమధ్య ఏదీ వేళకి రావడం లేదు. నవ్వు ముందు వస్తుంది, మిగతావి ఎక్కడో ఆగిపోతున్నాయి. సూది గుచ్చాక కాసేపు వేలితో దూది అదిమిపెడితే ఆ చోట మొద్దుబారుతుంది చూడండి, ఒళ్లంతా అట్లా ఉంది.

సాయంత్రాలు స్టాండు మీద తొక్కుతూ పిల్లాడు శ్రీచరణ్ చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది. చిన్నది పెడల్ దగ్గర కూర్చుని బొమ్మకి అన్నం తినిపించేది, దాని వేళ్లు చైన్లో పడతాయేమోనని చూస్తూ తొక్కేది. గేటు బెల్లు మోగితే దిగేది. కుక్కరు కూస్తే దిగేది. అత్తగారి టాబ్లెట్ కనపడకపోతే దిగేది. మళ్లీ ఎక్కేది. దిగి ఎక్కినప్పుడల్లా మొదటినుంచి. గోంగూర పళ్లెం తరవాత చిక్కుడుకాయలు వచ్చాయి, ఉతికిన బట్టలు మడత పెట్టడానికి ఒళ్లోకి వచ్చాయి. ఒకసారి చుట్టాలెవరో వస్తే జయకృష్ణ ఆమెను దిగనివ్వలేదు. "తొక్కు తొక్కు, వాళ్లు చూడాలిగా" అన్నాడు. నైటీ మీద తువ్వాలు కప్పుకుని తొక్కింది. ఆ వచ్చినాయన ఒంగి రోలర్ బేరింగులు చూసి, "స్మూత్‌గా ఉందోయ్ కృష్ణా" అన్నాడు.

అయితే ఆదివారాలు ఉండేవి. ఆదివారం పొద్దున పానా తీసుకుని వెనక ఇరుసు నట్లు రెండూ విప్పి, సైకిల్‌ని స్టాండు మీంచి ఎత్తి, భుజాన వేసుకుని మెట్లు దిగేది. ఆ ఒక్క పూటా వద్దని ఎవరూ అనలేదు. వారమంతా ఇంట్లో తొక్కింది కదా అని ఊరుకున్నారు. మార్తక్క వాళ్లందరితో ఉయ్యూరు దాకా వెళ్లేది, ఒక్కోసారి పామర్రు దాకా. ఈ మధ్య మార్తక్క కొత్త మాట ఎత్తింది. డిసెంబరు మొదటి ఆదివారం మంగినపూడి వెళదామంది. పొద్దున బయలుదేరి, బందరు మీదుగా సముద్రం దాకా తొక్కి, అదేరోజు తిరిగి రావాలి. "పొద్దున ప్రార్థన మానేసి సాయంత్రం ఆరాధనకి వెళ్తానని మా పాస్టరుగారికి చెప్పేశా, ఇక మీరెవరూ తప్పించుకోవడానికి లేదు," అంది.

జ్ఞానేశ్వరి సముద్రాన్ని ఒకేసారి చూసింది, స్కూలు వాళ్లు బస్సులో తీసుకెళ్లినప్పుడు. ఆ రోజంతా టీచరు చెయ్యి పట్టుకుని నిలబెట్టారు, నీళ్లలో దిగనివ్వలేదు. పెళ్లయ్యాక అడిగితే, "ఏముంది అక్కడ, ఇసక" అన్నాడు జయకృష్ణ. కాలేజీ రోజుల్లో మధ్యాహ్నం మీద పామర్రు నుంచి తిరిగి వస్తుంటే తూర్పునుంచి గాలి కొట్టేది. అది సముద్రం గాలి అని వాళ్ల నాన్న చెప్పేవాడు. అంతదూరం నుంచి వచ్చి తన చున్నీ లాగే ఆ గాలి బయలుదేరే చోటుకి తన కాళ్లతో వెళ్లాలని ఆమెకు అప్పుడు అనిపించేది. ఇప్పుడు అలా అనిపించింది అని చెప్పలేం. కానీ "నేను వస్తానక్కా" అని నోరు అంది. నోరు అన్నాక ఆ మాటని ఆమె వదిలిపెట్టలేదు. ఇంట్లో కూడా చెప్పింది. "డిసెంబరా? చూద్దాంలే," అన్నాడు జయకృష్ణ. "నేనేమన్నా వద్దంటున్నానా?"

ఆ వారమే ఆమె ఒక మాట అంది. కింద వాటాలో వాళ్లు, పైన ఏదో గడగడ మంటోంది అని రెండుసార్లు వచ్చి చెప్పారు. జోరుగా తొక్కితే స్టాండు కొంచెం కదిలేది. రాత్రి అన్నాలప్పుడు పెరుగు వడ్డిస్తూ, "స్టాండు కొంచెం ఊగుతోందండీ, నట్ల దగ్గర వాషర్లు వేస్తే సరిపోద్దేమో" అంది. కుక్కరు గాస్కెట్ మార్చాలని నెలలుగా చెబుతోంది, గీజరు షాక్ కొడుతోందని చెప్పింది, చిన్నదానికి కళ్లు చూపించాలని చెప్పింది. ఆ మాటలన్నీ ఏమయ్యాయో తెలియదు. ఈ ఒక్క మాటని మాత్రం అతను విన్నాడు.

మర్నాడు ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి హాల్లో సైకిల్ లేదు, స్టాండూ లేదు. "వాడు పట్టుకుపోయాడమ్మా, ఏదో చేయిస్తాడంట, నీకు చెప్పొద్దన్నాడు" అని అత్తగారు ముసిముసిగా నవ్వింది. చీకటి పడే వేళకి జయకృష్ణ, షాపు మనిషి ఒకడు కలిసి రెండింటినీ ఒకటిగా మోసుకొచ్చి యథాస్థానంలో దించారు. నీలం రంగు కొత్తగా వేశారు, వాసన ఇల్లంతా కొట్టింది. అత్తగారు హ్యాండిల్‌కి బొట్టు పెట్టింది. పిల్లలు చుట్టూ చేరారు. "ఎక్కి చూడు. లారీ గుద్దినా కదలదు ఇక," అన్నాడు జయకృష్ణ. జ్ఞానేశ్వరి ఎక్కలేదు. కూర్చుని వెనక ఇరుసు దగ్గర చూసింది. నట్లు లేవు. నట్లు ఉండాల్సిన చోట ఇనుము కరిగి, కారి, గడ్డకట్టి ఉంది. రెండువైపులా. ఫ్రేము చివర రంగు కాలి నల్లబడింది.

"వెల్డింగ్ చేయించారా?" అంది.

"మరి? వాషర్లు వేస్తే మళ్లీ నెలకి లూజవుద్ది. యాసిన్ దగ్గర కూర్చుని దగ్గరుండి పెట్టించా. ఊగుతోందన్నావుగా."

"విప్పడానికి రాదు కదండీ."

"ఎందుకు విప్పడం?"

"ఆదివారం..."

"ఆదివారం కూడా ఇక్కడే తొక్కొచ్చుగా. ఎండ లేదు, కుక్కలు లేవు, లారీలోళ్ల చూపులు లేవు. నీక్కావాల్సింది ఎక్సర్‌సైజే కదా? అది ఎక్కడ తొక్కితే ఏంటి?" అతని మొహంలో కల్మషం లేదు. ఆమె వెతికింది. ఉంటే బాగుండునని కూడా అనుకుంది. అతను నిజంగానే సంతోషంగా ఉన్నాడు, పని చక్కగా చేయించిన మనిషి సంతోషం అది. "ఏంటి, నచ్చలేదా? మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు తెలుసా దీని వెంట పడి" అన్నాడు. "ఎక్కమ్మా, పాపం అంత కష్టపడి తెచ్చాడు" అంది అత్తగారు. శ్రీచరణ్ ఫోను పట్టుకుని వీడియో తీయడానికి రెడీగా ఉన్నాడు. ఆమె ఎక్కింది. తొక్కింది. ఊగలేదు. వీడియో ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లింది. 'వదిన సూపర్', 'అన్నయ్య గ్రేట్', చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. ఆడపడుచు రాసింది, 'ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు.' ఆమె కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టింది.

ఏడుపు వస్తుందేమో అని ఆ రాత్రి కాసేపు చూసింది. రాలేదు. మర్నాడు మామూలుగా లేచి మామూలుగా డ్యూటీకి వెళ్లింది. ఒక పెద్దాయనకి నరం దొరక్క మూడుచోట్ల వెతకాల్సి వచ్చింది. "ఏమ్మా, ధ్యాస ఎక్కడుంది?" అన్నాడాయన. "సారీ అండీ" అంది. ఆదివారం రైడుకి వెళ్లలేదు. మార్తక్క ఫోను చేస్తే ఒంట్లో బాగాలేదంది. పైవారం కూడా అదే అంది. మూడోసారి మార్తక్క ఫోను చేయలేదు, ల్యాబ్‌కే వచ్చి నిలబడింది.

"థైరాయిడ్ మళ్లీ చేయించుకోమన్నారాక్కా?"

"నా థైరాయిడ్‌కేం, రాయిలా ఉంది. నీకేమైందో చూసిపోదామని వచ్చా."

జ్ఞానేశ్వరి చెప్పింది. వెల్డింగ్ చేశారక్కా అని ఒక్క ముక్కలో చెప్పింది. మార్త మొదట అర్థంకాక చూసి, తరవాత గట్టిగా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేసింది. "దానికి బెంగెందుకు. నా పాత సైకిల్ ఖాళీగానే ఉంది, సీటు కాస్త దించితే నీకు సరిపోద్ది. రేపు పంపిస్తా," అంది.

"వద్దక్కా."

"అదేంటే?"

"నాకు సైకిల్ ఉంది కదా."

ఆ మాట అన్నాక దాని అర్థమేమిటో తనకే తెలియనట్టు రక్తం ట్యూబులు సర్దుకుంది. మార్త, "సరే. వచ్చే ఆదివారమే మంగినపూడి. తెల్లారేసరికి బెంజిసర్కిల్‌లో ఉంటాం. నీకోసం ఆగుతామని చెప్పను, ఆగం. వస్తే రా," అని వెళ్లిపోయింది. అట్లా అన్నందుకు జ్ఞానేశ్వరికి హాయిగా అనిపించింది. ఆగుతామంటే అదీ ఒక బరువయ్యేది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి హాల్లో పిల్లలు ఆడుకుంటున్నారు. చిన్నది తన మూడు చక్రాల బండి మీద కూర్చుంది. శ్రీచరణ్ దాని ముందు చక్రం నేలకి తగలకుండా బండిని రెండు పుస్తకాల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. బండి ముందు ఒక స్టీలు పళ్లెం, అందులో కరివేపాకు రెబ్బలు. చిన్నది పెడల్ తొక్కుతూ, ఆకు దూస్తూ, మధ్యమధ్య "హోంవర్క్ చేశావా? ఏడో ఎక్కం చెప్పు" అని అన్నని గదమాయిస్తోంది. ఒకసారి బండి జారి కొంచెం ముందుకు పోయింది. "అన్నా, కదలకుండా పట్టుకో! కదిలితే అమ్మ ఆట కాదు" అని అరిచింది. శ్రీచరణ్ మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు. సోఫాలో అత్తగారు చిక్కుడుకాయలు వలుస్తూ, "అచ్చు దించేసింది చూడు వాళ్లమ్మని" అని మురిసిపోయింది. జ్ఞానేశ్వరి గుమ్మంలో చెప్పులు విప్పబోతూ ఆగింది. చెప్పులు విప్పడం ఒక పని, అది చేయాలి అని తెలుస్తోంది. కానీ కాసేపటిదాకా కాళ్లు వినలేదు.

గురువారం ల్యాబ్‌లో సగం రోజు సెలవు పెట్టింది. ట్రాలీ ఆటో పుల్లయ్యని గేటు దగ్గరికి పిలిచి, ఇద్దరూ కలిసి స్టాండుతో సహా సైకిల్‌ని మెట్ల మీంచి దించారు. దాన్ని తిప్పలేక మలుపు దగ్గర గోడ సున్నం గీసుకుపోయింది. "ఎక్కడికమ్మాయ్ ఇది?" అని పైనుంచి అత్తగారు కేకేసింది. "ఆటోనగర్‌కి అత్తయ్యా." "వాడు రమ్మన్నాడా?" ఆటో స్టార్ట్ అయింది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా వెళ్లిపోవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

యాసిన్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "రండి వదినా, ఏంటి, టాకా ఏమన్నా విరిగిందా? విరగదే, డబల్ వేశాను" అంటూ వెల్డింగు చోట వేళ్లతో తడిమి చూశాడు.

"విరగలేదు. విడగొట్టాలి యాసిన్ గారూ."

"విడగొట్టాలా? అన్న చెప్పలేదే."

"నేను చెబుతున్నాను కదండీ."

యాసిన్ ఇబ్బందిగా నవ్వాడు. "అట్లా కాదు వదినా. చేయించింది అన్న. ఆయన సొంత డిజైను. మొన్న ఒక కస్టమర్ వచ్చి ఫొటో కూడా తీసుకున్నాడు, నాకూ ఒకటి చేసిపెట్టమని. అన్నకి తెలీకుండా చెయ్యేస్తే రేపు నా మొహం ఎట్టా చూపించేది? ఒక్క మాట ఫోన్లో..." ఫోను అప్పటికే చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆమె ఆపలేదు. పక్కన ఇనప స్టూలు ఉంటే కూర్చుంది. షెడ్డులో కాలిన ఇనుము వాసన. రోడ్డు మీద లారీ క్యాబిన్ ఒకటి ఒట్టిదే, చక్రాలు లేకుండా, దిమ్మెల మీద నిలబడి ఉంది.

జయకృష్ణ షాపు ఎక్కడో కాదు, రెండు లైన్ల అవతలే. అంతలోనే బండి మీద వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే, "ఏంటిది జ్ఞానీ? అమ్మ ఫోను చేసింది, ఇంట్లోంచి సామాను పోతోందన్నట్టు మాట్లాడుతోంది. చెబితే నేను చూసేవాణ్ణిగా," అన్నాడు. యాసిన్ ఎదుట గొంతు తగ్గించాడు. "ఇక్కడ కాదు, ఇంట్లో మాట్లాడుకుందాం పద."

"ఆదివారం మంగినపూడి వెళ్లాలండీ. సైకిల్ విడగొట్టించుకుని వస్తాను."

"పిచ్చా నీకు? అది విడదీస్తే పనికొస్తుందా? యాసిన్, నువ్వు చెప్పు."

యాసిన్ ఇద్దరి మధ్యా చూపు తిప్పి, ఫ్రేము వంక చూస్తూ చెప్పాడు. "టాకా దగ్గర కటింగ్ మిషన్ పెడితే ఫ్రేము చివర తెగిపోద్ది వదినా. ఇరుసు కూడా పోద్ది. మళ్లీ నిలబడుద్దని నేను చెప్పలేను."

"విన్నావా?" అన్నాడు జయకృష్ణ. మెత్తగానే అన్నాడు. "ఉన్నది కాస్తా పాడుచేసుకుంటానంటావు. ఇట్లా ఉంటే కనీసం ఇంట్లో అయినా తొక్కుకుంటావుగా. నీ మంచి కోసమే చేయించాను కదే. నేనెప్పుడన్నా నిన్ను వద్దన్నానా దేనికైనా?"

ఆమె సైకిల్ వంక చూసింది. అందరూ సైకిల్ కొయ్యడం గురించే మాట్లాడుతున్నారు. ఇన్నిరోజులూ తను కూడా అదే అనుకుంది, విడదీయాలంటే తనదే తెగాలని. లేచి వెళ్లి స్టాండు నిలువు పైపు మీద, వెల్డింగుకి జానెడు కింద, వేలితో గీత గీసినట్టు చూపించింది.

"సైకిల్ కొయ్యొద్దు. ఇక్కడ కొయ్యండి. అటూ ఇటూ."

యాసిన్ ఒంగి చూశాడు. "పైపు ముక్కలు సైకిల్‌కే ఉండిపోతాయి వదినా, చెవుల్లాగా."

"ఉండనీ. చక్రం తిరుగుద్దిగా?"

"తిరుగుద్ది. చక్రానికేం."

"స్టాండు కోసేస్తావా?" అన్నాడు జయకృష్ణ. ఈసారి గొంతు మారింది. సైకిల్ పోతుందన్నప్పుడు లేని నొప్పి అందులో ఉంది. "అది ఇక దేనికి పనికొస్తుంది? ఎంత ఆలోచించి చేయించాను..."

"తెలుసండీ," అంది ఆమె.

యాసిన్ కదల్లేదు. కటింగ్ మిషన్ దగ్గరే ఉంది, వైరు ప్లగ్గులోనే ఉంది. అతను జయకృష్ణ వంక చూస్తూ నిలబడ్డాడు. జయకృష్ణ ఏమీ అనలేదు. కొయ్యమని అనలేదు, వద్దని కూడా అనలేదు. ఎప్పటిలాగే. ఆ మౌనంలో ఎంతసేపైనా నిలబడవచ్చు, సాయంత్రం దాకా, ఆదివారం దాటేదాకా. జ్ఞానేశ్వరి గోడ మీద మేకుకి వేలాడుతున్న హాక్సా తీసింది. యాసిన్ "వదినా, వదినా, చెయ్యి తెగుద్ది" అంటూ ఒక అడుగు వేసి ఆగాడు. ఆమె చున్నీ నడుముకి బిగించి నేలమీద మఠం వేసి కూర్చుని, బ్లేడు పైపు మీద పెట్టి లాగింది. మొదట జారింది. నీలం రంగు మీద వెంట్రుకలాంటి గీత పడింది. మళ్లీ పెట్టింది. ఈసారి పట్టు దొరికింది. సన్నటి ఇనప పొడి ఒళ్లో రాలుతోంది. చేతులు ఆగి ఆగి, తరవాత ఆగకుండా, ఒక తూగులో పడ్డాయి. పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది. ఎవరో ఇద్దరు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆమెకు సిగ్గు అనిపించాలి. అనిపించలేదు. కానీ ఇది మునుపటి మొద్దుదనం కాదు. అరచెయ్యి మండుతోంది, మంట తెలుస్తోంది.

పైపు సగం తెగేసరికి జయకృష్ణ టైము చూసుకున్నాడు. "స్కూలు వ్యాను వచ్చే వేళయింది. చిన్నదాన్ని అమ్మ దించుకోలేదు, మెట్లు దిగితే ఆవిడకి మోకాళ్లు," అన్నాడు. అది ప్రశ్న కాదు. ఇన్నేళ్లుగా ఆ మాట అంటే ఆమె చేతిలో పని వదిలేసి లేచేది.

"అవునండీ, వేళయింది," అంది ఆమె తలెత్తకుండా. "మీరు వెళ్లండి."